మా ఆయన కట్టిన రెండొందల ఏళ్ల గోడ

మా ఆయనను అందరూ తిప్పుడు మేస్త్రీ అంటారు. చేతిలోకి తీసుకున్న ప్రతి రాయినీ నాలుగువైపులా తిప్పి చూస్తే గానీ గోడలో పెట్టరు. "దీని ముఖం ఎటుందో తెలియాలిగా" అంటారు. నన్ను పెళ్లాడేటప్పుడు మాత్రం ఒక్కసారి చూసి సరేనన్నారు. రాయికున్న విలువ నాకు లేదన్నమాట.

పన్నెండో ఏట మేనమామ దగ్గర సుత్తి పట్టారు. ఈ చుట్టుపక్కల పాత రాతి ఇళ్లలో ఆయన చెయ్యి పడనిది లేదు. కూలిన మూలలు ఎత్తారు, ఉబ్బిన గోడలు విప్పి మళ్లీ పేర్చారు. అందరూ సిమెంటు వెంట పడినా ఈయన సున్నం వదల్లేదు. "రాతి గోడలో చెమ్మ బయటికి పోయే దారి ఉండాలి. సిమెంటు పూస్తే లోపలే ఉండిపోయి గోడను తినేస్తుంది" అని వినేవాళ్లకీ విననివాళ్లకీ చెప్పేవారు.

మేముండేదీ అలాంటి ఇల్లే. ఒక పెద్ద గది, దాని వెనక వంటగది. రెండింటికీ మధ్య మందపాటి గోడ ఉంది గానీ తలుపు లేదు. వంటగదికి వెళ్లాలంటే వీధి గుమ్మం దిగి ఇల్లంతా చుట్టి రావాలి. పోయిన వానల్లో ఆ దారిలో రాళ్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. "ఇంకోసారి పడితే మంచం దిగరు" అన్నాడు డాక్టరు. అందుకే ఆ గోడకు తలుపు పెట్టమన్నాను. ఈయనా సరేనన్నారు.

ఈలోపు పాత ఇళ్లను కాపాడే శాఖ నుంచి ఒక అధికారిణి వచ్చింది. మా అమ్మాయి వయసే ఉంటుంది, మర్యాద తెలిసిన పిల్ల. గోడలన్నీ తట్టి చూసి, ఫొటోలు తీసి, చివరికి ఆ మధ్య గోడ దగ్గర ఆగిపోయింది. పదిహేను రోజులకు కాగితం వచ్చింది. ఇంట్లో ఏదైనా మార్చుకోవచ్చునట, ఆ గోడను మాత్రం ముట్టుకోకూడదట. అది రెండొందల ఏళ్లనాటిదట, అంత చక్కని పనితనం ఈ చుట్టుపక్కల మరెక్కడా లేదట.

నేను నోరు వెళ్లబెట్టాను. ముప్ఫై రెండేళ్ల కిందట ఆ గోడ వానకు కూలితే మా ఆయనే మళ్లీ కట్టారు. ఆ అమ్మాయి మళ్లీ వచ్చినప్పుడు అదే చెప్పాం.

"ఈ రాళ్లు చెక్కి రెండొందల ఏళ్లయింది, పెద్దాయనా."

"రాళ్లు పాతవేనమ్మా. కూలినవే ఏరి పేర్చాను. గోడ నాది."

"మరి సున్నం?"

"పాత పద్ధతిలోనే కలిపాను. నాకు వచ్చింది అదొక్కటే."

ఆ అమ్మాయి తల గోక్కుంది. రాళ్లు పాతవి, గోడ కొత్తది, పద్ధతి పాతది, మేస్త్రీ ఏమో ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఇంతకీ గోడ వయసెంత? నాకూ బుర్ర తిరిగిపోయింది. చివరికి, "పెరట్లో ఒక గజం గోడ ఇలాగే కట్టి చూపిస్తారా?" అంది.

అడగకుండా ఉంటే బాగుండేది. డెబ్బై నాలుగేళ్ల మనిషి. ఒక కంటికి పొర కమ్మింది, చేతులు వణుకుతాయి. నాలుగు రోజులు కష్టపడ్డారు. రాయిని తిప్పి తిప్పి, ఎటు పెట్టాలో తేల్చుకోలేక కింద పడేసేవారు. ఇక చాలించమని చెబుదామని నాలుక చివరిదాకా వచ్చింది. తలుపు గుర్తొచ్చి ఊరుకున్నాను. దాచుకోవడం దేనికి, నా స్వార్థం నాది.

ఆ అమ్మాయి వచ్చి ఈ గోడనూ ఆ గోడనూ మార్చి మార్చి చూసింది. "ఏమీ అనుకోకండి, ఇది ఆ చెయ్యి కాదు" అంది మెల్లగా. వెళ్తూ వెళ్తూ నన్ను పక్కకు పిలిచి, "కట్టేటప్పుడు చూసినవాళ్లెవరైనా రాసి సంతకం పెడితే, పైవాళ్లతో మాట్లాడి తలుపుకు అనుమతి ఇప్పిస్తానమ్మా" అని చెప్పింది. చూసినదాన్ని నేనే.

ఆ రోజు నుంచి మా ఆయన గోడ ముందు స్టూలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. ఒకరోజు, "పైన నాలుగు వరసలే నేను వేశానేమోనే" అన్నారు. ఇంకోరోజు, "అసలు కూలింది ఈ గోడేనా?" అన్నారు. నాకు ఒళ్లు మండింది, ఆ వెంటనే భయమూ వేసింది. కట్టిన మనిషే అలా అంటుంటే నాకూ అనుమానం పట్టుకుంది. ఈ గోడేనా? వేరే ఎవరింటి గోడనో మా ఇంటిదనుకుంటున్నానా?

రాసిద్దామని కాగితం ముందేసుకుని కూర్చున్నాక ఒక్కొక్కటే గుర్తొచ్చింది. మర్నాడు పొద్దున్నే ఆయనకు చదివి వినిపించాను.

"సాయానికి ఎవరూ దొరకలేదు. నేనే రాళ్లు అందించాను. అప్పుడు నాకు ఏడో నెల. పెద్ద రాళ్లు ముట్టుకోవద్దని ఆయన కేకలేసేవారు. మూడో వరసలో పొడుగు రాయి పెడుతుంటే ఆయన బొటనవేలు నలిగింది. ఆ చేత్తోనే పదకొండు రోజుల్లో గోడ పూర్తి చేశారు."

మా ఆయన బొటనవేలు చూసుకున్నారు. దాని గోరు ఇప్పటికీ వంకరే.

"అయితే నేనే కట్టాను."

"ఇన్నాళ్లూ నేను మొత్తుకుంటున్నది అదేగా?"

లేచి వెళ్లి గోడకు రెండు చేతులూ ఆనించారు. నాలుగు వారాల తర్వాత ఆయన ముఖం మళ్లీ ఆయన ముఖంలా కనిపించింది. నాకు ప్రాణం లేచొచ్చింది. కాగితం సంచిలో పెట్టుకుని చెప్పులు వేసుకున్నాను.

"ఎక్కడికే?"

"ఆఫీసుకి. ఇది ఇచ్చొస్తాను. వానలు వచ్చేశాయి, తలుపు కావాలిగా."

ఆయన గోడ మీది నుంచి చేతులు తియ్యలేదు.

"ఇలాంటిది ఇంకోటి కట్టలేనే. దీన్ని పగలగొట్టించకు."

గోడ ఆయనదేనని ఆయనకు నమ్మకం కలిగించింది నేనే. ఎక్కడలేని కోపం వచ్చింది, దుఃఖమూ వచ్చింది, ఏది ముందో తెలియలేదు. ఆఫీసుకు వెళ్లలేదు, కాగితం చింపనూ లేదు. బయట చినుకులు మొదలయ్యాయి. పొయ్యి మీద కూర పెట్టి వచ్చానని గుర్తొచ్చి, గొడుగు తీసుకుని, ఒక్కొక్క అడుగే చూసి వేసుకుంటూ ఇల్లు చుట్టి వంటగదికి వెళ్లాను.