తాతయ్య తుడిచేసిన లాప్‌టాప్

భూమి తిరగడం ఆగిపోతే దాన్ని విప్పి, తుడిచి, నూనె వేసి మళ్లీ తిప్పగల మనిషి ఈ లోకంలో ఒక్కరే. ఆయన మా తాతయ్య. కాకపోతే బిగించాక రెండు మరలు మిగులుతాయి.

కుట్టుమిషన్లు బాగుచేసి బతికిన మనిషి. ఆయన పద్ధతి ఒక్కటే. విప్పితే మొత్తం విప్పాలి, పాత జిడ్డు చుక్క మిగలకూడదు. ఆ పద్ధతిలోనే ఒకసారి తన ఫోన్ విప్పారు. అప్పటినుంచి దానికి కెమెరా లేదు. అమ్మమ్మది బొత్తాల ఫోన్. కాబట్టి ఆ ఇంట్లో ఎవరి ముఖమైనా చూడాలంటే లాప్‌టాపే గతి.

అమ్మమ్మ చూడాలనుకునే ముఖం చెల్లెలిది. ఆవిడకి పుట్టుకతో వినపడదు. అక్కచెల్లెళ్లిద్దరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. ఈమధ్య చెల్లెలి రెండు కళ్లకీ ఆపరేషన్ చేసి కట్టు కట్టారు. వినపడదు సరే, ఇప్పుడు కనపడదు కూడా. ఆ కట్టు ఈ మధ్యాహ్నం విప్పుతారు. విప్పగానే ముందు అక్కని చూపించాలని ఆవిడ షరతు పెట్టింది.

ఇంత ముఖ్యమైన రోజున లాప్‌టాప్ నత్తనడక నడవడమేమిటని తాతయ్యకి పొద్దున్నే ఒళ్లు మండింది. పెన్‌డ్రైవ్ గుచ్చి, ఉన్నదంతా చెరిపేసి, ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తగా ఎక్కించారు. తెర అద్దంలా మెరిసింది. ఆయన మీసం కూడా మెరిసింది.

ఆ తర్వాత చూసుకుంటే వైఫై లేదు. కెమెరా లేదు. శబ్దం లేదు. లోపల అన్నీ ఉన్నాయి, వాటిచేత పని చేయించే డ్రైవర్లే లేవు. డ్రైవర్ కావాలంటే ఇంటర్నెట్‌లోంచి తెచ్చుకోమంది తెర. ఇంటర్నెట్ కావాలంటే వైఫై డ్రైవర్ ఉండాలంది.

"నాతోనే పరాచికాలా?" అని తాతయ్య లాప్‌టాప్ మూత ఠపీమని మూశారు. మళ్లీ తెరిచారు. అది అదే మాట చెప్పింది.

ఆఫీసులో ఉన్న కొడుక్కి ఫోన్ కొట్టారు.

"నాన్నా, రెండో డ్రైవ్ కూడా చెరిపేశావా?"

"జిడ్డు ఉంచుకుంటామేంట్రా?"

"డ్రైవర్లన్నీ అందులోనే దాచాను నాన్నా!"

"ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా!"

"దాని పేరే 'చెరపొద్దు' అని పెట్టాను కదా!"

తాతయ్య ఫోన్ పెట్టేశారు. తప్పు తనదైతే ఆయన కోపం రెట్టింపవుతుంది.

గుమ్మంలో అమ్మమ్మ. జడ వేసుకుని, చెల్లెలికి నచ్చే నీలం చీర కట్టుకుని ఉంది.

"కట్టు విప్పుతున్నారట. ఏదండీ నా చెల్లి?"

"వస్తుంది. కాస్త ఆగు."

"పొద్దున దాకా బాగానే పనిచేసింది కదండీ! ఎవరు ముట్టుకోమన్నారు?"

"నీ కోసమే కదే చేసింది!"

అమ్మమ్మ ఇంక నోరు తెరవలేదు. చేతులు లేచాయి. చెల్లెలితో తప్ప ఎవరితోనూ వాడని చేతులు, ఇప్పుడు మొగుడి ముఖం మీదికే వచ్చాయి. నా చెల్లి చీకట్లో ఉంది, అన్నాయవి. ఇన్నాళ్లూ దానితో ఒక్క మాట లేదు. కళ్లు తెరిచేసరికి నేను కనపడకపోతే, నాకేమైందోనని గుండె పగిలిపోతుంది దానికి. మీకేం, తుడుచుకోండి!

తాతయ్యకి ఆ భాష రాదని ఇంటిల్లిపాదీ అనుకుంటారు. ఆయన తల వంచుకున్నారు. పళ్లు నూరుతూ కొడుక్కి మళ్లీ ఫోన్ చేశారు.

"చెప్పు," అన్నారు. క్షమాపణకి ఆయన దగ్గరున్న మాట అదొక్కటే.

"నువ్వు ఇందాక పెట్టేయకపోతే అప్పుడే చెప్పేవాణ్ణి. నీ ఫోన్ని ఛార్జింగ్ వైరుతో లాప్‌టాప్‌కి తగిలించు. ఫోన్లో ఇంటర్నెట్ ఆ వైరులోంచే వెళ్తుంది. దానికి వైఫై డ్రైవర్ అక్కర్లేదు."

తగిలించారు. కాసేపు ఏమీ కాలేదు. తాతయ్య లాప్‌టాప్‌ని, వైరుని, దాన్ని కనిపెట్టినవాణ్ణి వరసగా తిట్టారు. ఆ తిట్ల మధ్యలో వైఫై డ్రైవర్ దిగింది. వెనకే కెమెరా పక్కన చిన్న దీపం వెలిగింది. శబ్దం డ్రైవర్ మాత్రం దిగలేదు. దాని కోసం ఎవరూ ఆగలేదు.

తెర మీద చెల్లెలు. ఎర్రబడిన కళ్లు, చెంపల మీద కట్టు అచ్చులు. అక్కని చూడగానే రెండు చేతులూ గాల్లోకి లేచాయి. అమ్మమ్మ ఏడుస్తూ జవాబిచ్చింది. చెల్లెలి చూపు పక్కనున్న తాతయ్య మీదికి తిరిగింది. చేతులు మళ్లీ కదిలాయి.

"ఎవరు ముసలాడు?" అని గయ్యిమన్నారు తాతయ్య.



"అంటే," అంది అమ్మమ్మ, నడుం మీద చెయ్యేసుకుని, "ఇన్నేళ్లూ మేం మీ గురించి అనుకున్నవన్నీ..."

"అన్నీ," అన్నారు తాతయ్య. "ఒక్కటీ మర్చిపోలేదు."

ఇదంతా రాసి ఆయనకి చదివి వినిపిస్తే చివరిదాకా కదలకుండా విన్నారు.

"రెండు మరలు కాదు, నా చేతిలో ఎప్పుడూ ఒక్కటే మిగుల్తుంది. దిద్దు. దిద్ది, నువ్వు తీసుకెళ్లిన ఆ ఛార్జింగ్ వైరు ఎక్కడ పారేశావో పట్టుకురా."