ఒక తప్పుకి ఒక చేప

జర్మన్ పరీక్షలో మాట్లాడే భాగం నేను రెండుసార్లు తప్పాను. విశాఖలో నర్సుగా చేస్తున్నాను, జర్మనీ ఆసుపత్రిలో ఉద్యోగం కావాలంటే ఆ పరీక్ష గట్టెక్కాలి. రాయడం, చదవడం బాగానే వచ్చాయి. ఎదురుగా మనిషి కూర్చుని ప్రశ్న అడిగేసరికి మాత్రం, తప్పు దొర్లుతుందేమోనన్న భయంతో నోరు పెగలదు. రెండోసారి బల్ల వంక చూస్తూ కూర్చుని లేచొచ్చాను, అంతే. మూడోసారి ఫీజు కట్టడానికి సోమవారం ఆఖరి రోజు. కట్టకూడదని నిర్ణయించుకుని, పుస్తకాలు అటకెక్కించి, అండమాన్ దీవుల్లో, మాయాబందర్‌లో ఉన్న పిన్ని దగ్గరికి బయల్దేరాను. పారిపోయావని ఎవరైనా అంటే కాదనను.

పోర్ట్ బ్లెయిర్‌లో విమానం దిగి, అబర్డీన్ బజార్‌లో గది తీసుకుని, మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి అక్కడి బస్టాండులోనే మాయాబందర్ బస్సెక్కాను. టికెట్ మూడు వందల చిల్లర. జిర్కాటాంగ్ దగ్గర బళ్ళన్నీ వరసకట్టి పోలీసుల వెంట జారవా గిరిజనుల అడవిలోంచి వెళ్ళాలి. మధ్యలో ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు. తర్వాత బస్సును పంటు ఎక్కించి సముద్రపు పాయ దాటించారు. డ్రైవరు పోలీసుతో హిందీ, ముందు సీటు ముసలాయనతో బెంగాలీ, నాతో తెలుగు మాట్లాడాడు. "మీదే ఊరు భయ్యా?" అన్నాను. "పుట్టింది ఇక్కడే దీదీ. మా తాతది బారువ. తెలుగు మాటాడతాను గానీ చదవడం నై ఆతా," అన్నాడు, ఏమాత్రం సిగ్గుపడకుండా. నాకు చదవడం వచ్చి మాట్లాడటం రాదు కదా, కాస్త కుళ్ళుకున్నాను. మధ్యాహ్నం రెండు దాటాక మాయాబందర్ చేరాం.

పిన్ని పక్కింట్లో అప్పలమ్మ మామ్మ ఉంటుంది. డెబ్భై దాటాయి. కొత్త పెళ్ళికూతురిగా శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చి, యాభై ఏళ్ళుగా చేపలమ్ముతోంది. ఆమె బేరమంతా వెబీ ఊళ్ళో. ఎప్పుడో బర్మా నుంచి వచ్చి స్థిరపడ్డ కరెన్ల ఊరది. "బడి మొహం చూడలేదు గానీ కరెన్ భాష గడగడా మాట్లాడుతుంది," అంది పిన్ని. నాకు ఒళ్ళు మండింది. అది కళ్ళారా చూడాలనీ అనిపించింది.

మర్నాడు ఆరింటికి జెట్టీ దగ్గర బుట్టెడు కానాగంత చేపలు తీసుకుని ఇద్దరం వెబీ బస్సెక్కాం. ప్రయాణం అరగంట.

"ఎలా నేర్చుకున్నావు మామ్మా?"

"నేర్సుకోడవేటమ్మా, సేపలమ్ముకోవాలి గదా. మొదట్లో నాను నోరిప్పితే ఆల్లు నవ్వీవోరు. తప్పేటో సెప్పీవోరు కాదు. అప్పుడు హిందీలో సెప్పీసినాను. నాను తప్పు మాటాడితే దిద్దండి, తప్పుకో సేప కొసరేస్తానని. ఆ రోజు కాడ్నించీ పిల్లా పెద్దా సెవులొగ్గి ఇన్నారు."

"తాత ఏమీ అనలేదా?"

"సగం బుట్ట పంచీసి వస్తన్నావని రోజూ తిట్టీవోడు. రెండేల్లకి కొసరు తగ్గింది, బేరం పెరిగింది."

నిజంగానే వెబీలో ఆడవాళ్ళు ఆమె చేపలు లెక్కపెడుతుంటే పరీక్ష పెట్టేవాళ్ళలా చెవులు రిక్కించి నిలబడ్డారు. ఒక్కరికీ తప్పు దొరకలేదు. కొసరు దక్కక మొహాలు ముడుచుకున్నారు, మామ్మ మురిసిపోయింది. అయిదిళ్ళు తిరిగేసరికి ఆ భాషలో నాకూ నాలుగు దాకా అంకెలు వచ్చేశాయి.

ఊరి చివర చెక్క ఇంట్లో ఎస్తేర్ ఒక్కతే ఉంటుంది. మామ్మకన్నా పెద్దది. నాలుగు చిన్న చేపలు అడిగింది. మామ్మ లెక్కపెడుతూ మూడు దగ్గర మరేదో అంది. ఎస్తేర్ చేతికర్ర నేలకేసి కొట్టి, సరైన మాట పలికి, నా వైపు తిరిగింది. "పచాస్ సాల్ సే సిఖా రహీ హూఁ," అని నిట్టూర్చింది. యాభై ఏళ్ళుగా నేర్పుతోందట, దీనికి రావడం లేదట. మామ్మ తలవంచుకుని, బుట్టలోకల్లా పెద్ద చేప తీసి ఆమె గిన్నెలో వేసింది. నేను నోరు తెరవబోతే మోచేత్తో పొడిచింది.

దారిలో ఉండబట్టలేక అడిగాను. "అయిదిళ్ళలో సరిగ్గానే అన్నావుగా?"

"కొడుకు పోయినాడు దానికి. ఊరికే ఇస్తే ముట్టదు. తప్పయితే తీసుకుంటాది, అది దాని హక్కు," అంది. నా పరీక్ష గొడవ పిన్ని చెప్పినట్టుంది, బస్సెక్కగానే, "నీ జర్మన్ బాసలో ఏటన్నా సెప్పు," అంది.

తిరుగు బస్సులో అరగంట సేపు ఆమెకు జర్మన్‌లో నా గోడంతా వెళ్ళబోసుకున్నాను.

"తప్పులొచ్చినాయా?"

"చాలా."

"ఎన్ని సేపలు?"

"బుట్టెడు, మామ్మా."

ఆ సాయంత్రమే ఫోన్లో ఫీజు కట్టేశాను. పరీక్షలో తప్పులు వచ్చాయి, అయినా ఆగలేదు. బొటాబొటీ మార్కులతో గట్టెక్కాను. తప్పంటే నా పరువు పోవడమనే అనుకున్నాను ఇన్నాళ్ళూ. అప్పలమ్మ మామ్మ తన తప్పును ఒక మనిషి గిన్నెలోకి చేప చేసి పెడుతోంది. ఆమె ముందు నా భయం నాకే చిన్నదిగా కనిపించింది.

వెళ్ళేవారికి ఒక్క మాట: మాయాబందర్ బస్సు టికెట్ ముందురోజే తీసుకోండి. అక్కడ మామ్మ వెంట వెబీ వెళ్తే, చివరి ఇంటి ముందు ఆమె మూడు తప్పుగా పలుకుతుంది. మీకు సరైన మాట తెలిసినా దిద్దకండి.