జామచెట్టుకు కట్టిన దర్వాజ

నవ్వేటోళ్ళు ఇప్పుడే నవ్వుకోండ్రి. నడిమిట్ల నవ్వితే మాత్రం చెప్పుడు ఆపేస్త. పిల్లల మీద ఒట్టు పెట్టుడు మా ఇంట్ల లేదు గాని, ఇగో, చేతిల అన్నం ముద్ద ఉంది. అన్నం పట్టుకోని అబద్ధమాడితే పుట్టగతులుండవ్. ఇది నాకు జరిగింది. మా ఆయనకు గూడ జరిగింది. ఆయన్ని అడగకుండ్రి, చెప్పడు. ఆ రాత్రి దుప్పట్ల ఎట్ల దూరిండో చెప్పాల్సొస్తదని సిగ్గు.

మేం చేసే పని మీకెరికే. పాత ఇండ్లు కొంటం, బాగు చేస్తం, అమ్ముతం. మా ఆయన శ్రీను మేస్త్రి. రంగులు, బేరాలు, కొనేటోళ్ళతోని మాటలు... అవన్నీ నేను. ఆయన నోరు విప్పితే వచ్చిన గిరాకీ గూడ వాపస్ పోతది. ఏ ఇల్లు కొంటే ఆ ఇంట్లనే ఉండుకుంట పని చేస్తం. అది నున్నగ, ముద్దుగ తయారయ్యేసరికి తాళం ఇంకొకళ్ళ చేతిల పెడతం, మళ్ళ ఒక కూలిపోయే కొంపల పడతం. పెండ్లయినకాంచి సిమెంట్ బస్తాల నడుమనే నా సంసారం. నా పోపుడబ్బా ఎన్ని ఇండ్లు తిరిగిందో దానికే తెల్వాలె. అట్లని నాకేం బాధ లేదు. పాడువడ్డ గోడకు మొదటి కోటు రంగు పడ్డప్పుడు చూడాలె... కడుపు నిండినట్టుంటది.

కాకపోతే ఆ ఏడు ఇద్దరం ఒక మాటనుకున్నం. ఆ ఒక్క ఇల్లు అమ్ముడుపోతే చాలు, అశ్వారావుపేట కాడ చూసిపెట్టుకున్న జాగల మాకని ఒక ఇల్లు కట్టుకోవాలె. అమ్మడానికి కాదు, ఉండడానికి. మా ఆయన నా చేతిల చెయ్యేసి చెప్పిండు. ఇగ నా పాణమంతా ఆ ఇంటి మీదనే.

పాల్వంచ దాటినంక అడవి మొదలయ్యే కాడ ఒక చిన్న ఊరు. పేరడగద్దు, చెప్తే రేపే చూడ పోతరు. భద్రాచలం తొవ్వకు ఆనుకోని పెంకుటిల్లు. మాకు అమ్మినాయన తాళంచెవి ఇచ్చుకుంట ఒక మాట చెప్పిండు.

"ముక్కోటి రోజులల్ల మా అమ్మ ఈ తలుపుకు లోపల గడియ పెట్టకపోయేదమ్మా. భద్రాద్రికి నడిచి పోయేటోళ్ళు రాత్రిపూట వచ్చి గొలుసు కొడితే, 'లోపటికి రాండ్రి' అనేది. వాళ్ళ కోసమని మంట గూడ ఏసి ఉంచేది."

"ఇప్పుడు నడిచేదెవరు సార్, అందరు బస్సులల్లనే పోతుండ్రు" అన్నడు మా ఆయన. అందరం నవ్వినం. ఆ మాట అక్కడికే మర్చిపోయినం.

కొంటానని వచ్చినామె విజయ సిస్టర్. కొత్తగూడెంల ఒక దవాఖానాల నర్సుగ చేసి రిటైరయింది. ఒక్కతే మనిషి. మాట కరుకు, మనసు మంచిది. ఆమెకు ఆయాసం. అడవి గాలికి కొంచెం నయమైతదని ఆ ఊరు వెతుక్కుంది. ఇల్లంత తిరిగి చూసి, గోడకు అరచెయ్యి ఆనిచ్చి చెప్పింది. "చూడు పద్మా, చెమ్మ ఇంట్ల నేను బతకను. మళ్ళొచ్చిననాడు నా చేతికి తడి తగిలిందా, నాకొద్దు. పాల్వంచల ఇంకో ఇల్లు చూసిపెట్టుకున్న. ఇంకోటి, వీధి దర్వాజ కొత్తది పెట్టుండ్రి. ఒంటిదాన్ని, గట్టి తాళం ఉండాలె."

సరేనన్నం. అనుడు సులువే. చలికాలం ఇంటి పని చేసి చూడండ్రి, అప్పుడు తెలుస్తది. ఎండకాలం పొద్దున పెట్టిన పుట్టీ సాయంత్రానికి ఎండుతది. ఆ అడవి కాడ డిసెంబర్ల... పొద్దెక్కినా మంచు లేవదు. ఎన్ని రోజులైనా గోడకు వేలు పెడితే వేలుకంటుతది. ఫ్యాన్లు తిప్పినం. పెద్ద బల్బులు పెట్టినం. ఊఁ హూఁ. నేను రోజుకెన్నిసార్లు ఆ గోడను పట్టి చూసిన్నో... మా ఆయన "అది గోడే, జొరమొచ్చిన పిల్లగాడు కాదు" అని ఎక్కిరిచ్చేటోడు.

సిస్టర్ వస్తానన్నది ముక్కోటి ముందటి రోజు. అంతకు ముందటి సాయంత్రం పాత దర్వాజ పీకి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి కొత్త చౌకట్టు నిలబెట్టినం. దాని తలుపు చెక్కుతున్న వడ్లాయన తెల్లారి తెస్తనన్నడు. ఆ ఒక్క రాత్రికి అడ్డంగ ప్లాస్టిక్ పట్టా కట్టినం.

పాతది మంచి టేకు. రెండు రెక్కల తలుపు, ఇనుప గొలుసు. కింద పడేస్తే చెదలు పడతయని, మా ఆయన దాన్ని తలుపుతో సహా వాకిట్ల ఇటుకల మీద నిలబెట్టి జామచెట్టుకు తాడుతోని కట్టిండు. ముందు వాకిలే, వెనుక వాకిలే. నడుమ ఉత్త దర్వాజ. రెక్కలు కొట్టుకోకుండ గొలుసు ఎత్తి కొక్కేనికి ఏసింది నేను. నా చేతితోనే. ఇది గుర్తుంచుకోండ్రి.

రాత్రి ఇద్దరం ఇంట్లనే పండినం. సిమెంట్ మాల్ మోసే పెద్ద ఇనుప తట్ట ఉంటది కద, దాంట్ల పాత వాసాల ముక్కలేసి మంట పెట్టినం. గోడలు ఆరాలెనంటే తెల్లార్లు ఆ మంట ఆరొద్దు. వంతులేసుకున్నం. ముందు ఆయన, తర్వాత నేను. ఆయన వంతు ఎట్ల చేసిండంటే... నేను దుప్పటి కప్పుకునే లోపటనే గురక.

నాకు గూడ కన్నంటుకుంది.

మెలకువ ఎందుకొచ్చిందో మొదట తెల్వలే. చలి. ముక్కు కొన మొద్దుబారింది. చూస్తే మంట లేదు. తట్టల ఎర్రగ నాలుగు నిప్పులు... అంతే. గుండె గుభేల్మంది. దయ్యానికి కాదు, గోడకు. లేచి గోడ పట్టి చూసిన. తడి. సల్లగ, మెత్తగ, తడి. అయిపోయింది, ఇల్లు పోయింది అనుకున్న. ఏడుపొచ్చింది నాకు.

అప్పుడు...

ఖణ్.

ఇనుము సప్పుడు. బయట. ఒక్కటే.

కుక్కేమో అనుకున్న. చెవులు రిక్కిచ్చిన. ఊరంత నిశ్శబ్దం. మంచు పడే రాత్రి గాలుండదు, ఆకు గూడ కదలది. ఇద్దరు మనుషులు మాట్లాడుకునేంత సేపు ఏం లేదు...

టక్. టక్. టక్.

గొలుసుతోని చెక్క మీద. బాదినట్టు కాదు. పరాయి ఇంటికొచ్చినోళ్ళు కొడతరే, మెల్లగ, మర్యాదగ... గట్ల. కొట్టి ఆగిండ్రు. ఎవరన్నా పలుకుతరా అని ఆగినట్టు.

ఆయన్ని కుదిపిన. "ఏమయ్యా... లే. ఎవరో తలుపు కొడుతుండ్రు."

"మనకు తలుపెక్కడుందే" అన్నడు నిద్రల. అని, ఆయన మాట ఆయనకే తలకెక్కి... కండ్లు తెరిచిండు.

టక్. టక్. టక్.

ఇద్దరం విన్నం. ఆయన గొంతు సవరిచ్చుకోని "ఎవరది?" అని అరిచిండు. అరిచిన అనుకున్నడు పాపం, నాకే సరిగ్గ వినవడలే. నేను ఫోన్ లైటేసి పట్టా కొంచెం పక్కకు జరిపి చూసిన. తెల్లగ మంచు. లైటు మంచుకు తగిలి మళ్ళ నా మొఖానికే కొడుతుంది. కండ్లు చిట్లిచ్చుకోని చూస్తే... జామచెట్టు. దాని కాడ దర్వాజ. మూసే ఉంది. మనిషి లేడు.

గొలుసు మాత్రం కొక్కేనికి లేదు. కిందికి వేలాడుతుంది. ఇటూ... అటూ... ఊగుతుంది.

నేనే ఏసిన్నంటి కద.

అప్పుడే దర్వాజకు అవతల పక్క ఒక దగ్గు వినవడ్డది. చిన్న దగ్గు. చాన దూరం నడిచొచ్చినోళ్ళకు గొంతు ఎండి వస్తదే, అట్ల. ఆడామె దగ్గో మగాయన దగ్గో చెప్పలేను. మా ఆయన అప్పటికే దుప్పట్ల దూరి "రామ రామ రామ" అని గడగడ చదువుతుండు. నా చీర కొంగు మాత్రం ఇడుస్తలేడు.

నాకు భయం లేదా? ఉంది. గాని ఆ దగ్గు విన్నంక నా నోట్ల నుంచి ఏమొచ్చిందో తెల్సా...

"బయట సలి. లోపటికి రాండ్రి."

ఎందుకన్ననో ఇప్పటికీ నాకే తెల్వది. ఇంటికొచ్చిన మనిషిని గుమ్మం బయట నిలబెట్టే అలవాటు లేకపాయె. మా ఆయన దుప్పట్ల నుంచే నా పిక్క మీద గిచ్చిండు. వారం రోజులు నల్లగ కమిలి ఉంది అది.

గొలుసు సప్పుడు ఆగింది. దర్వాజ రెక్క కిర్రుమన్నది. మెల్లగ... పొడుగ్గ... నేను లైటు ఆర్పేసి వచ్చి ఆయన పక్కన కూసున్న. చూసే ధైర్యం లేదు. కొంచెం సేపటికి మా పట్టా లోపలికి ఉబ్బింది. గాలి లేదంటిని కద. ఉబ్బి, మళ్ళ సర్దుకుంది. తడిసిన గొంగడి వాసన వచ్చింది. ఏదో మూట కింద పెట్టిన సప్పుడు. పెద్ద నిట్టూర్పు... అమ్మయ్య అన్నట్టు.

తర్వాతది మీరు నమ్మరు. నాకు నిద్రొచ్చింది. నవ్వుండ్రి, నవ్వుండ్రి! అసొంటి భయంల ఎవరికన్నా నిద్రొస్తదా? నాకొచ్చింది. చిన్నప్పుడు పొయ్యి పక్కన మా అమ్మమ్మ ఒడిల పండినట్టు, వెచ్చగ.

లేచేసరికి తెల్లారింది. మా ఆయన గోడ కాడ నిలబడి ఉండు, రెండు చేతులు గోడకు ఆనిచ్చి. తట్టల మంట భగభగ మండుతుంది. వాసాల కుప్ప సగానికి సగం లేదు. బూడిద తీసి ఒక పక్కకు నీటుగ పోసి ఉంది.

"ఎప్పుడు లేచినవే? తెల్లార్లు మంటేసినవా?" అన్నడు.

"నేనెక్కడ లేచిన? నువ్వు కాదా?"

"నేను దుప్పట్ల నుంచి తల బయట పెడితే ఒట్టు."

ఆ మాట మాత్రం నేను నమ్మిన. గోడ పట్టి చూసిన. పొడి. వెచ్చగ, ఇస్త్రీ బట్ట లెక్క. బయట దర్వాజ రెండు రెక్కలు బార్లా తెరిచి ఉన్నయ్.

సిస్టర్ వచ్చింది. మంచుల నడిచొచ్చినా ఆమెకు ఆయాసం రాలే ఆ రోజు. గోడకు చెయ్యి పెట్టింది. ఇంకో గోడకు పెట్టింది. "బాగుంది పద్మా, తీసుకుంట" అన్నది. నాకు ఆమెను ఎత్తి తిప్పాలనిపిచ్చింది. ఎంతైనా ఆడమనిషి, ఒంటిది, చెప్పకపోతే పాపమని చెప్పిన. "సిస్టర్, ముక్కోటి రోజులల్ల రాత్రి ఎవరన్నా తలుపు కొడతరేమో. రాత్రి మాకు కొట్టిండ్రు. మనిషైతే కనవడలే." మా ఆయన నా కాలు తొక్కిండు. సిస్టర్ నన్ను ఎగాదిగ చూసి, "నా సర్వీసంత రాత్రి డ్యూటీలే. కొట్టనీ" అన్నది.

పాత దర్వాజ తనకొద్దన్నది. మేం తెచ్చుకున్నం. అశ్వారావుపేటల మా సొంత ఇల్లు లేచింది, మీరు భోజనాలకొచ్చిండ్రు గద, మీరు దాటి వచ్చిన వీధి దర్వాజ అదే. అయ్యో, గట్ల వెనక్కి చూడకుండ్రి! ఇన్ని రోజులల్ల దానికి ఒక్కనాడన్నా సప్పుడు లేదు. మంచిగ ఉన్నం. నా పోపుడబ్బాకు ఒక అల్మారా దొరికింది. దేవుని దయ.

అప్పుడప్పుడు చలి రాత్రుల మా ఆయన అడుగుతడు. "నిజం చెప్పే, మంటేసింది నువ్వే గద?" నేను ఆయన్నే అడుగుత. మేం ఒకళ్ళను నమ్మితే ఒకళ్ళం అబద్ధాలోళ్ళం అయితం. అందుకని ఇద్దరం నమ్ముడు మానేసినం.

అయితే మొన్న ముక్కోటికి ముందు, తెల్లారగట్ల సిస్టర్ ఫోన్ చేసింది. ఆ టైంల ఆమె పేరు చూసి ముందు ఒకటే అనుకున్న. ఇల్లు వాపస్ తీసుకోమంటదేమో... ఆ ఇంటి పైసల మీదనే గద ఈ ఇల్లు కట్టింది.

"పద్మా, రాత్రి జామచెట్టు కాడ ఎవరో దగ్గిండ్రు" అన్నది.

దర్వాజ మా ఇంట్లుంది. మరి అక్కడ దగ్గిందెవరు?

"లైటేసి చూసిన. ఎవరు లేరు. మళ్ళ దగ్గిండ్రు. నర్సును గద, దగ్గు వింటే ఊకుంటానా. తాళం తీసి, 'లోపలికి రాండి, మందిస్త' అన్న."

"అంటే... తర్వాత, సిస్టర్?"

ఫోన్ల ఆమె ఊపిరి వినవడుతుంది. పిల్లికూతలు లేవు ఆ ఊపిరిల. తేటగ ఉంది.

"తర్వాతేముంది... మంచిగ నిద్రపట్టింది పద్మా. చాన రోజులకు" అన్నది. "లేచేసరికి పొయ్యి మీద వేణ్ణీళ్ళు కాగుతున్నయ్. నేనే పెట్టుకోని మర్చిపోయినట్టున్న. ఉంట మరి" అని పెట్టేసింది.

ఎవరో నాకు తెల్వది. అడిగేది లేదు. మా దర్వాజకు మాత్రం రాత్రిపూట నేను లోపల గడియ పెట్టను.