కామాక్షమ్మ గారి ఊలు బీరువా

రెండు వారాల కింద ఒక మంగళవారం, మా బడిలో ఇంకా ప్రార్థన గంట కొట్టలేదు. కుట్టుపని టీచరు కామాక్షమ్మ గారు తెల్లవారుజామున దివంగతులయ్యారని చిల్లకూరు నుంచి కబురు వచ్చింది. నిశ్చేష్టురాలినయ్యాను. ఆ వెంటనే కోపమూ వచ్చింది. సంస్మరణలో కోపం గురించి రాయవచ్చునో లేదో నాకు తెలియదు. కానీ నా తెలుగు పుస్తకాలూ ఆమె ఊలూ ఏళ్ల తరబడి ఒకే బీరువాను చెరిసగం పంచుకున్నాయి. ఆ చనువుతో రాస్తున్నాను. చెప్పవలసిన మాటను ఆ మహాతల్లి చెప్పవలసిన వేళకు చెప్పలేదు.

గూడూరు ఎండల్లో ఊలు ఎవరికని కొత్తవాళ్లు నవ్వుతారు. పురిటి బిడ్డ నెత్తిన ఊలు టోపీ లేకపోతే మా తల్లులకు నిద్ర పట్టదని వాళ్లకు తెలియదు. మా పేటలో ఆ టోపీలన్నీ కామాక్షమ్మ గారి చేతివే. కొత్త ఊలు కొనే స్తోమత బడికీ లేదు, ఆమెకూ లేదు. జంక్షను ఊరు కనుక, ఉత్తరాదిన కొలువు చేసి వచ్చిన రైల్వేవాళ్ల ఇళ్లలో, మిలిటరీవాళ్ల ఇళ్లలో పాత స్వెట్టర్లు ఉంటాయి. వాటిని అడిగి తెచ్చి, విప్పి, కుంకుడు రసంలో ఉతికి, నీడన ఆరబెట్టి ఉండలు చుట్టేవారు. పురుగు పట్టకుండా నడుమ ఎండు వేపాకు వేసేవారు. నా వ్యాకరణ గ్రంథాలకు ఇప్పటికీ ఆ వేపాకు వాసన పోలేదు.

ఆమె సర్దిన తీరు చూస్తే నాకు ఒళ్లు మండేది. ఎరుపు పక్కన బూడిద రంగు, దాని పక్కన పసుపు. ఒకే ఆకుపచ్చ పై అరలో కొంత, కింది అరలో కొంత. "అక్కా, ఇది సర్దడమా, సంత చేయడమా?" అని అడిగేదాన్ని. "నా లెక్క నాకుండాదిలే. నీ పుస్తకాలు నువ్వు చూసుకో" అనేవారు. పిల్లలెవరైనా ఒక ఉండను పై అర నుంచి కింది అరలోకి మారిస్తే మాత్రం ఆ శాంతమూర్తి చెయ్యి లేచేది.

చైనా యుద్ధం వచ్చినప్పుడు జవాన్లకు స్వెట్టర్లు అల్లి పంపాలని ఊరంతా ఉత్సాహపడింది. హెడ్‌మిస్ట్రెస్ గారు బీరువా తెరిపించారు. "పై అరలో ఉండేదంతా తీసకపోండి. కింది అర ముట్టబాకండి" అన్నారు కామాక్షమ్మ గారు. ఎందుకని అడిగితే, "జవానుకు అది పనికిరాదమ్మా" అని ఒక్క మాట అని ఊరుకున్నారు. చక్కని ఊలు, మేలైన ఊలు! అందరి ఎదుటా ఆమెను పిసినారి అన్నారు. ఆమె మాట పడ్డారే గాని నోరు విప్పలేదు. అప్పుడు విప్పి ఉంటే ఇంత జరిగేది కాదు.

మొన్న వేసవిలో ఆమె జబ్బుపడి నెల్లూరు ఆసుపత్రిలో చేరారు. తిరిగి వచ్చేసరికి సంతోషపెడదామని టీచర్లమూ పిల్లలూ కలిసి బీరువా అంతా దించి, రంగుల వారీగా సర్దాము. తెలుపుతో మొదలుపెట్టి నలుపు దాకా. ముందుండి చేయించింది నేనే. తలుపు తీస్తే పెళ్లిపందిరిలా ఉంది.

చిక్కిపోయి వచ్చిన మనిషి తలుపు తీసి, అలాగే స్టూలు మీద కూలబడ్డారు.

"ఎవురు చేసినారు ఈ పని?"

"అందరమూ, అక్కా."

"కొంప ముంచినావు గదా అమ్మాయ్. కింది అరలో ఉండింది పోయినోళ్ల ఊలు."

అప్పుడు చెప్పారు. మనిషి పోయాక అతని స్వెట్టరును ఇంట్లో ఉంచుకోలేక, పారేయలేక, ఆ ఇళ్లవాళ్లు తెచ్చి ఈమె చేతిలో పెట్టి వెళ్లేవారట. "దాన్ని పురిటి బిడ్డ నెత్తిన యెట్ట పెట్టేది? యుద్ధానికి పోయే బిడ్డకి యెట్ట తొడిగేది? నాకు పట్టింపు లేదు. ఆ తల్లులకుండాది గదా!"

"ముందే చెప్పకూడదా అక్కా!" అని అరిచినంత పని చేశాను.

"చెప్తే ఇంక ఏ తల్లన్నా నా టోపీ తీసుకుంటాదా? ప్రతిదానికీ ఇది ఎవురిదని అడగరూ?"

ఆ కింది అర ఊలుతో ఆమె స్టేషను పోర్టర్లకు మఫ్లర్లు అల్లేవారు. ఇది ఫలానా ఆయనదని పేరు చెప్పి మరీ ఇచ్చేవారట. "చలికి పేరుంటాదా అమ్మా, ఇయ్యి" అన్నాడట ఒక పోర్టరు. ఆ మాట చెప్పి, అంత బాధలోనూ నవ్వారు.

నా తప్పని నేను ఒప్పుకోను. రంగును బట్టి సర్దడం లోకంలో ఎక్కడా నేరం కాదు. కానీ ఆనాటి నుంచి ఆమె రోజూ బడి వదిలాక కూర్చుని, ఒక్కో ఉండనూ ముక్కు దగ్గర పెట్టుకుని, చెంపకు ఆనించుకుని గుర్తుపట్టే ప్రయత్నం చేశారు. "ఇది గార్డు గారిది... కాదేమో." చివరికి తెలుపు వరస ఒక్కటే తేలింది. తక్కినవి తేల్చకుండానే వెళ్లిపోయారు.

మొన్న ఒక బాలింత తల్లి వచ్చింది, మనవడికి ఎర్ర టోపీ కావాలని. తెల్లది అల్లిస్తానన్నాను. "అంత ఎర్ర ఊలు పెట్టుకోని లేదంటారేంది టీచరమ్మా?" అని నిలదీసింది. ఏమని చెప్పను? ఆమె మూతి తిప్పుకుంటూ వెళ్లింది. కామాక్షమ్మ గారు మోసిన నింద ఇప్పుడు నా నెత్తికెక్కింది.

పదకొండో రోజు దాటాక వారి తమ్ముడు వచ్చి ఒక బూడిద రంగు స్వెట్టరు నా చేతిలో పెట్టాడు. ఆసుపత్రిలో ఆమె వేసుకున్నది. "బడికి ఇమ్మనింది మా అక్క" అన్నాడు. కింది అరలో ఉన్న రంగులన్నీ పైకి ఎక్కించి, అర కడిగి, అందులో అదొక్కటే పెట్టాను. నిన్న దాన్ని విప్పుదామని కూర్చుంటే కొస దొరకలేదు. ఎన్ని ఇళ్ల స్వెట్టర్లు విప్పారో, తమదాని ముడి ఎక్కడ దాచారో! కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ వేళ్లు ఇక మా బడికి రావు.

ఆమెకు నేను చేయగల నివాళి ఒక్కటే. ఆ కొస వెతుకుతాను. మఫ్లరు వంకరగా వచ్చినా నేనే అల్లుతాను. చలికి పేరు లేకపోవచ్చు. పోర్టరు చేతిలో పెట్టేటప్పుడు మాత్రం, ఇది కామాక్షమ్మ గారిదని చెప్పే ఇస్తాను.