చోడవరం డేరా సినిమాలో నా పేరు

"కథ నీది, తెర మీద పేరూ నీదే" అని ముప్పై ఏళ్ల కిందట మద్రాసులో ఒక మిత్రుడు నాకు మాట ఇచ్చాడు. మూకీ చిత్రాల రోజులవి. కథతో పాటు, బొమ్మల మధ్య వచ్చే అక్షరాల పలకలన్నీ నేనే రాశాను. తీరా చిత్రం విడుదలైతే కథకుడిగా తన పేరు వేసుకున్నాడు. అమెరికాలో ఇదే పని చేసిన ఒక రచయిత్రి స్టూడియోలనే శాసించిందని తర్వాత చదివాను. నా వృత్తి మాత్రం ఆ ఒక్క చిత్రంతో ముగిసింది. కొత్త టాకీ రీళ్లు అందని వారాల్లో చోడవరం డేరాలో దాన్నే ఆడిస్తున్నారని ఈమధ్య తెలిసి బయలుదేరాను.

వాల్తేరులో ఉదయం రైలెక్కితే గంటలో అనకాపల్లి. అక్కడి నుంచి చోడవరానికి బస్సు ఉంది. చెరకు బళ్లు దారి ఇవ్వవు కనుక మరో గంట ఎక్కువే వేసుకోండి. పూటకూళ్లింట్లో భోంచేసి మూడింటికి డేరా చేరాను. తెర పక్కన నిలబడి, చదువు రానివాళ్లకు పలకలు చదివి వినిపించే అప్పలసూరి అక్కడే ఉన్నాడు. కథ నాదేననీ, పేర్లు వచ్చినప్పుడు నా పేరు చెప్పమనీ అడిగాను.

"ఏటి బాబూ, మొన్నొకాయన తానే హీరోనన్నాడు. తెర మీద నేని పేరు నానెలా సెప్పేది?"

నేను మొదటి పలక నుంచి వరసగా అప్పజెప్పాను. అతని పెదవులూ నాతో కదిలాయి. పడవ ఘట్టంలో "పడవ తిరిగొచ్చింది, తాడు కట్టే చెయ్యి రాలేదు" అన్నాను. అతను ఆగిపోయాడు.

"అక్కడ రీలు తెగి ఆ పలక పోయింది బాబూ. ఇన్నేళ్లూ నా నోటికొచ్చింది సెప్పేను. ఏదీ, మళ్లీ సెప్పండి."

ఆరున్నరకు ఆట మొదలైంది. పేర్లు రాగానే సూరి కేకేశాడు: "కథ రాసినోరు సీతాపతిగారు! ఇక్కడే నేల మీద కూకున్నారు!"

కుర్చీల్లోంచి ఎవరో అరిచారు. "ఒరే సూరీ, అక్కడ ఇంకో పేరుందిరా! కళ్లజోడు కొనుక్కో!"

"బాగానే కనిపిస్తంది బాబూ. అది దొంగ పేరు!"

డేరా అంతా నవ్వింది. పడవ ఘట్టంలో సూరి నా వాక్యం చెప్పినప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. నా పక్కనున్న ముసలావిడ నోట్లోని చుట్ట తీసి చేత్తో పట్టుకుంది.

నేను రాసింది మంచిదని నాకెప్పుడూ అనుమానం లేదు. ఆ సాయంత్రం ఒక డేరా జనం సాక్ష్యం కూడా దొరికింది. అంతమాత్రాన కోపం చల్లారిందని రాయను, చల్లారలేదు. మీరు వెళితే నేల టికెట్టే కొనండి. కుర్చీల దగ్గర యంత్రం మోతలో సూరి కేకేస్తే తప్ప వినబడదు. పేర్లు పడేలోపే కూర్చోండి, నా కథ పక్కన ఆ దొంగ పేరు మీరే చూడవచ్చు: వేంకటరత్నం.