గాలి చొరని అతుకు

వడ్రంగి పెద్దాయన అతుకు వేశాడంటే అందులోకి గాలి కూడా చొరదని పేరు. ఆ పేరు పెట్టింది ఎవరో గానీ, దాన్ని ఊరంతా తిప్పింది మాత్రం ఆయనే. చేతులు వణకడం మొదలయ్యాక దుకాణం మూసేశాడు. దుకాణమే లేనప్పుడు దాని వెనక ఇంత పెద్ద ఇల్లెందుకని మూడో అంతస్తులో రెండు గదుల వాటా చూశాడు. చూసింది ఆయన, సరేనన్నది ఆయన ఇల్లాలు. అదీ ఒక షరతు మీద: కుక్కా రావాలి, పిల్లీ రావాలి.

కుక్కతో పేచీ లేదు. వచ్చినవాళ్ళందరినీ గేటుదాకా సాగనంపుతుంది కాబట్టి దానికి బంట్రోతు అని పేరు. ఆయనకి గిట్టనిది పిల్లి, దొరసాని. ఆవిడ ఒళ్ళో తప్ప కూర్చోదు. ఆయన కనిపిస్తే మొహం తిప్పుకుంటుంది. "ఆ రెండు గదుల్లో దీని దర్జాకి చోటెక్కడ? గోనెసంచిలో వేసి మార్కెట్లో వదిలేసి వస్తా," అని ఇల్లు చూసినప్పటినుంచీ అంటూనే ఉన్నాడు. ఒట్టి నోటిదురుసే. కానీ రోజూ వింటూంటే ఎవరికి మాత్రం నమ్మబుద్ధి కాదు?

మారే రోజు పొద్దున్నే టేకు బీరువా వెళ్ళిపోవాలి. పెళ్ళయిన కొత్తలో ఆవిడ కోసం చేసిన బీరువా అది. కొత్త వాటాలో పట్టదని ఓ కుర్ర జంటకి అమ్మేశాడు. వాళ్ళ వ్యాను వచ్చేలోపు సుత్తి పుచ్చుకుని బీరువా వెనక చేరాడు. కింది సొరుగు అడుగున గుల్లగా ఉండే చోట వెనక పలక ఒకటి ఏళ్ళ తరబడి ఊగుతోంది. బిగించమని ఆవిడ ఎన్నిసార్లు అన్నా చెవిన పెట్టలేదు. ఇవాళ పరాయి ఇంటికి పోతోందనేసరికి పౌరుషం పొడుచుకొచ్చింది. తన చేతి పని ఊగే పలకతో వెళ్తే తలకొట్టేసినట్టు కాదూ! మేకులు దిగ్గొట్టి, వాటి తలలు కనపడకుండా పైన లప్పం పూసి, అరచేత్తో నిమిరి మురిసిపోయాడు.

బీరువా వెళ్ళిపోయింది. వీళ్ళ సామాను కూడా ఇంకో వ్యాను ఎక్కింది. దొరసాని మాత్రం ఎక్కడా కనపడలేదు.

ఆవిడ పాలగిన్నె చప్పుడు చేస్తూ గదులన్నీ తిరిగింది. పెరట్లో చూసింది, గోడ మీద చూసింది. చివరికి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"నిజం చెప్పండి. ఎక్కడ వదిలేసి వచ్చారు?"

"నేనా? దాని జోలికే పోలేదు."

"గోనెసంచి కూడా కనపడటం లేదు."

"అందులో రంపాలు సర్దాను! కావాలంటే విప్పి చూసుకో."

ఆవిడ చూసుకోలేదు. గడప మీద కూలబడింది. "అది లేకుండా నేను కదలను. మీరు వెళ్ళండి," అంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ తనని అలా చూడటం ఆయన ఎరగడు. ఒళ్ళు మండిపోయింది. డ్రైవరు హారను కొడుతున్నాడు. కనీసం కుక్కనైనా ఎక్కిద్దామని లోపలికి వెళ్ళాడు.

బంట్రోతు బీరువా ఉన్న చోట పడుకుని ఉంది. లాగినా లేవలేదు. గోడ మొదట్లో సున్నం అరిగి నున్నగా ఉంది, దానికి దొరసాని తెల్లటి వెంట్రుకలు అంటుకున్నాయి. ఊగే పలక సందులోంచి అది బీరువాలోకి రాసుకుంటూ వెళ్ళి వచ్చే దారి. ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకే ఆయనకి తన మీద అసహ్యం వేసింది. బయటికి వచ్చి, "అది బీరువాలో ఉంది. పలక బిగించేశాను. నేనే," అన్నాడు.

ఆవిడ లేచి వ్యాను ఎక్కింది, వెనకే బంట్రోతూ ఎక్కింది. కుర్రవాళ్ళకి ఫోను చేస్తే మోగుతోంది గానీ ఎత్తేవాళ్ళు లేరు. మధ్యాహ్నపు ఎండలో వ్యాను ప్రతి కూడలిలోనూ ఆగింది. గాలి చొరదు, గాలి చొరదు అని తన గొప్పే ఆయన చెవుల్లో హోరెత్తిపోయింది.

"పిల్లా? మాకేం చప్పుడు వినపడలేదే!" అన్నాడు కుర్రాడు. బీరువా అప్పటికే గోడకి చేరింది. "పగలగొడతానంటే ఎలా బాబాయిగారూ? ఎంతో ఇష్టపడి కొనుక్కున్నాం."

"ముందు తిప్పండి," అంది అతని భార్య. నలుగురూ కలిసి తిప్పారు.

ఆయన పలక మీద తట్టాడు. లోపల ఏ కదలికా లేదు. లప్పం గీకి పట్టకారు పెడితే మేకు తల చిక్కడం లేదు. ఉలి దూర్చుదామంటే సందు లేదు. చెయ్యి వణికి ఉలి జారి వేలు చీరుకుపోయింది.

"ఏ వెధవ కొట్టాడీ మేకులు!" అని అరిచాడు. ఎవరూ నవ్వలేదు.

సుత్తి ఎత్తి పలక మధ్యన ఒక్కటిచ్చాడు. రెండో దెబ్బకి విరిగింది.

దొరసాని పక్కకి ఒరిగి ఉంది. ఆవిడ బయటికి తీసి ఒళ్ళో వేసుకుంటే గుడ్డపీలికలా వేలాడిపోయింది. కుర్రాడి భార్య పరుగెత్తి నీళ్ళు తెచ్చింది. మూతి తడిపారు, తల తడిపారు. ఎంతకీ చలనం లేదు. ఆఖరికి పొట్ట కొద్దిగా ఎగిసింది. నోరు తెరిచి వగర్చింది. కాసేపటికి కళ్ళు విప్పి, ఎదురుగా ఆయన్ని చూసి, మొహం తిప్పుకుంది.

ఆయన అక్కడే చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కొత్త పలక వేసిస్తానని మాటిచ్చి బయల్దేరారు. దారిలో ఆవిడ పిల్లిని నిమురుతూ అంది, "పొద్దున మిమ్మల్ని ఎంత మాట అన్నానో!"

"చేసింది నేనే కదా," అన్నాడాయన.

కొత్త వాటాలో మంచం వేశాక నిలబడటానికే చోటు మిగల్లేదు. దొరసాని రెండు గదులూ వాసన చూసి, నక్కడానికి సందు దొరక్క, ఆయన పనిముట్ల పెట్టె ముందు ఆగింది. ఆ పెట్టెని ఆవిడతో సహా ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఉలులూ చిత్రికలూ తీసి గోడవారకి తోశాడు. పిల్లి లోపలికి దూకి ముడుచుకుంది.

ఆయన స్క్రూడ్రైవరు తీసుకుని పెట్టె పక్కన కూర్చున్నాడు.  మడతబందులు ఒక్కొక్కటే ఊడదీసి, మూతని తీసుకెళ్ళి వరండాలో పారేశాడు.