బావి మెట్లు లెక్కపెట్టిన సార్

ఇస్నాపూర్‌లో బస్సెక్కి నా పక్కన కూర్చున్న పెద్దావిడ, జలుబుకని చేతిరుమాలు మీద నీలగిరి తైలం చల్లుకుంది. ఆ వాసనకు హత్నూర అవతలి గుట్ట, దాని కింద బాలమణి బావి, ప్యాంటు మడుచుకుని ఆ బావి మెట్లు దిగుతున్న సామ్యూల్ సార్ గుర్తొచ్చారు.

అప్పుడు నేను అటవీశాఖలో కొత్త బీట్ ఆఫీసర్‌ని. నాన్న ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి పటాన్‌చెరులో స్థిరపడ్డారు. అడవిని నేను పుస్తకాల్లోనే చూశాను. ఆ ఏడాది వానలకు ముందు, గుట్ట మీది నీలగిరి తోటలో పొదలు కొట్టించి, గడ్డి గీకించి, రాలిన ఆకు కూడా ఊడిపించాను. మా ఇంటి వాకిలినైనా అంత శ్రద్ధగా ఊడ్చి ఎరగను. వానలు వెలిశాక మా సెక్షన్ ఆఫీసర్ సామ్యూల్ సార్ తనిఖీకి వచ్చారు. తోటను ఒక్క చూపు చూసి, మెచ్చుకోకుండా కిందికి దిగారు. నాకు ఒళ్లు మండింది.

"బాయి కాడికి పోదాం పా బిడ్డా. గుట్ట మీద మనం జేసిన పని గాడ కనవడ్తది."

సార్ నీళ్లు తగిలేదాకా మెట్లు లెక్కపెడుతూ దిగారు. వానలు బాగానే పడ్డా పదకొండు మెట్లు పొడిగా ఉన్నాయి. ఆ బావి కింద వరి వేసుకున్న బాలమణి గట్టు మీద నిలబడి, "పోయినేడు గీ దినాలకు నాలుగు మెట్లే తేలినయి సారూ. గిట్లయితె పొలం ఇడిసి కాజీపల్లి కంపెనీల కూలికి పోవుడే. గుట్ట మీద ఏం జేసిన్రు, ఎవరు జేసిన్రు?" అంది.

సార్ నా వైపు చూడనైనా చూడలేదు. "తప్పు నాదమ్మా. ఈ బిడ్డ కొత్తగొచ్చింది. నేనే సెప్పలే" అన్నారు. ఆ ఒక్క మాట వల్లే నేను ఈ ఉద్యోగంలో నిలబడ్డాను.

మళ్లీ గుట్టెక్కాం. సార్ సీసాలోని సగం నీళ్లు, ఊడ్చిన నేల మీద పోస్తే, మట్టిని వెంటేసుకుని కిందికి జారిపోయాయి. కంచె పక్కన మిగిలిన పొద కింద మిగతా సగం పోస్తే అక్కడే ఇంకిపోయాయి.

"సూసినవా? అది చెత్త గాదు, బాయికి నీళ్లు పోయే తొవ్వ. ఇగ చెట్లు గింత ఒత్తుగుంటె ఇంకిన నీళ్లు అవే తాగుతయి. జెర పలచగ జెయ్యాలె."

"అడవిని కాపాడాల్సినవాళ్లం, మనమే చెట్లు కొట్టిస్తామా సార్?"

"అడవి గుట్ట మీదనే అయిపోతదా? బాలమణి పొలం గూడ అండ్లదే."

అనుమతి తెచ్చి వరస విడిచి వరస కొట్టించారు. పొదలను పెరగనిచ్చాం, నీరు కోసుకుపోయే చోట్ల అడ్డంగా రాళ్లు పేర్పించాం. రెండో వానాకాలం తర్వాత మూడు మెట్లే తేలాయి. బాలమణి కూలికి పోలేదు. చెంబు నిండా నీళ్లు ముంచి ముందు సార్‌కిచ్చింది, తర్వాత నాకు.

సార్ పోయి రెండేళ్లయింది. ఇప్పుడు ఆయన కుర్చీలో నేనున్నాను. పొద్దున కొత్త బీట్ ఆఫీసర్ సుజాత ఫోన్ చేసి, ఆ గుట్ట మీది తోటలో ఒక్క ఆకు లేకుండా ఊడిపించానని సంబరంగా చెప్పింది. ఆమె చేరి మూడు నెలలైంది. కాగితాలన్నీ చూపించాను, బావి చూపించలేదు. అందుకే ఈ ప్రయాణం. సంచిలో నీళ్ల సీసా ఉంది. ముందు బావి దగ్గరికే తీసుకెళ్తాను. ఎవరు చేశారని బాలమణి అడిగితే, నేనే చెప్పలేదంటాను. అది అబద్ధం కూడా కాదు.